ఓట్ల లెక్కా? క్లిక్కుల లెక్కా?

ఎన్నికలు దగ్గర పడితే చాలు, మన సాఫ్ట్‌వేరు ఆఫీసుల్లో ఒకరిద్దరికి కాలు నిలవదు. ఎన్నాళ్ళిలా బగ్గులు దిద్దుకుంటూ కూర్చుంటాం, ఏదైనా పార్టీ వార్ రూములో చేరితే మన కోడు ప్రభుత్వాలనే మారుస్తుంది కదా అంటారు. డిజిటల్ స్ట్రాటజిస్టు అనే పేరులోనే ఒక మత్తుంది లెండి. ఆ ఉద్యోగం చెడ్డదని నేననను. కాకపోతే అందులో ఏ అంకెను నమ్మొచ్చు, ఏ అంకెను నమ్మకూడదు అన్నది తెలుసుకోకుండా దూకితే మాత్రం ఇబ్బందే.

ఈ వృత్తి పుట్టిందే ఒక ఓటమిలోంచి. 2003లో హోవార్డ్ డీన్ అమెరికా అధ్యక్ష పదవికి డెమొక్రాటిక్ అభ్యర్థిత్వం కోసం పోటీపడుతూ, ఇంటర్నెట్‌లో చిన్న చిన్న విరాళాలు పోగేసి అందర్నీ ఆశ్చర్యపరిచాడు. తీరా 2004 జనవరిలో అయోవాలో మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. ఆ ప్రచారంలో పనిచేసిన నలుగురు కుర్రాళ్ళు అదే ఏడాది బ్లూ స్టేట్ డిజిటల్ అనే కంపెనీ పెట్టారు. వాళ్ళలో ఒకడైన జో రోస్పార్స్ 2008లో ఒబామా ప్రచారంలో న్యూ మీడియా విభాగానికి అధిపతి అయ్యాడు, 2012లో ముఖ్య డిజిటల్ స్ట్రాటజిస్టు అయ్యాడు. అంటే అభ్యర్థి ఓడిపోయినా పనిముట్లు గెలిచాయన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

మనవాళ్ళందరికీ నచ్చే కథ డాన్ సిరోకర్‌ది. 2007 నవంబరులో ఒబామా గూగుల్ ఆఫీసుకొచ్చి మాట్లాడాడు. పది లక్షల పూర్ణాంకాలను సార్ట్ చెయ్యడం ఎలా అని అడిగితే, బబుల్ సార్ట్ మాత్రం పనికిరాదని చెప్పి అందర్నీ నవ్వించాడు. అక్కడే ప్రొడక్టు మేనేజరుగా ఉన్న సిరోకర్ ఆ తర్వాత ప్రచారంలో చేరిపోయాడు. చేసిన పని మన భాషలో చెప్పాలంటే ఉత్త ఏ/బీ టెస్టింగు. వెబ్‌సైటు మొదటి పేజీకి నాలుగు రకాల బటన్లు, ఆరు రకాల ఫొటోలు, వీడియోలు, మొత్తం 24 కలయికలు. జట్టులో అందరికీ వీడియో మీదే మోజు. ఫలితాలు చూస్తే వీడియోలన్నీ ఫొటోల కంటే వెనకబడ్డాయి. కుటుంబంతో కలిసి ఉన్న ఫొటో, "ఇంకా తెలుసుకోండి" అనే బటను కలిసి గెలిచాయి. పేజీకొచ్చిన వాళ్ళలో ఈమెయిలు ఇచ్చేవాళ్ళు 8.26 శాతం నుంచి 11.6 శాతానికి పెరిగారు.

ఇంతవరకూ శుభ్రమైన ఇంజనీరింగు. కొలిచారు, తేలింది. కథలో తర్వాతి మెట్టు దగ్గరే ఆగాలి. ఆ మార్పు వల్ల అదనంగా 28 లక్షలకు పైగా ఈమెయిళ్ళు వచ్చాయనీ, సగటున ఒక్కో చిరునామా 21 డాలర్లు తెచ్చిపెట్టింది కాబట్టి 6 కోట్ల డాలర్లు ఎక్కువ వచ్చాయనీ సిరోకర్ తర్వాత లెక్క చెప్పాడు. బటను మారిస్తే తప్ప పేరివ్వని మనిషి, మార్చకపోయినా ఇచ్చే మనిషంత డబ్బు ఇస్తాడా? ఏమో! మన టీములో ఎవరైనా ఈ గుణకారం చేసి చూపిస్తే రివ్యూలో నిలదియ్యమూ? 11.6 శాతం అనేది కొలత. 6 కోట్లు అనేది అంచనా. ఇక "ఆ బటను వల్లే ఒబామా గెలిచాడు" అనేది ఉత్త కథ. మూడింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తే అవతలివాడికి తేడా తెలీదు. 2008లో ఆర్థిక మాంద్యం, ఇరాక్ యుద్ధం, ఎనిమిదేళ్ళ బుష్ పాలన మీద విసుగు కూడా ఉన్నాయి మరి.

2012కొస్తే, ఒబామా జట్టు ఒకే విన్నపానికి రకరకాల శీర్షికలు పెట్టి కొద్దిమందికి పంపి చూసేది. "నాకంటే ఎదుటివాళ్ళే ఎక్కువ ఖర్చుపెడతారు" అన్న అర్థం వచ్చే శీర్షిక 26 లక్షల డాలర్ల పైచిలుకు తెచ్చింది. అదే విన్నపాన్ని అన్నింటికంటే చప్పగా ఆడిన శీర్షికతో అందరికీ పంపి ఉంటే 4 లక్షల చిల్లరే వచ్చేదని వాళ్ళ అంచనా. తమాషా ఏమిటంటే, ఏది గెలుస్తుందో రాసినవాళ్ళే ఊహించలేకపోయేవాళ్ళు.

అదే ఏడాది అవతలి పక్క రామ్నీ జట్టు ఓర్కా అనే సిస్టం కట్టింది. 30 వేలకు పైబడిన కార్యకర్తలు పోలింగు బూత్‌ల నుంచి ఎవరు ఓటేశారో ఫోన్లలో పంపాలి. నవంబరు 6న, అంటే పోలింగు రోజునే, అది మొరాయించింది. కొందరికి పిన్‌లు తప్పు, ఇంకొందరికి హెచ్‌టీటీపీఎస్ అని కొట్టకపోతే పేజీ తెరుచుకోదు. అసలు లోడు మీద ముందెప్పుడూ నడిపి చూడలేదు. ఒబామా ఇంజనీర్లు మాత్రం అక్టోబరులోనే తమ సర్వర్లను తామే పడగొట్టి, లేపడం సాధన చేశారు. ప్రొడక్షను రిలీజులు చేసినవాళ్ళకి ఈ తేడా విలువ చెప్పక్కర్లేదు. అయినా సరే, 332-206 తేడాతో ఓడిన రామ్నీని ఓర్కా సరిగ్గా పనిచేసి ఉంటే గట్టెక్కించేదని నేను నమ్మను. మరి చెడిపోయిన సిస్టం ఓడించలేదంటే, చెడిపోని సిస్టం గెలిపించిందని ఎలా అంటాం?

ఈ ఉద్యోగంలో ఎదుగుదల కూడా ఇలాంటి లెక్కల మీదే నడుస్తుంది. బ్రాడ్ పార్స్కేల్‌ను చూడండి. 2015లో 1,500 డాలర్లకు ట్రంప్‌కి వెబ్‌సైటు కట్టిన మనిషి, 2016లో డిజిటల్ డైరెక్టరు, 2018లో ఏకంగా మొత్తం ప్రచారానికే మేనేజరు. 2020 జూన్‌లో టల్సా సభకు పది లక్షల మంది టికెట్లు అడిగారని గొప్పగా ప్రకటించాడు. వచ్చింది 6,200 మందేనని అక్కడి అగ్నిమాపక శాఖ తేల్చింది. టిక్‌టాక్ కుర్రకారు తామే ఉత్తుత్తి పేర్లు నమోదు చేశామని చెప్పుకున్నారు. కోవిడ్ భయం కూడా ఉండొచ్చు. జూలైలో అతని పదవి పోయింది. రిజిస్ట్రేషను వేరు, హాజరు వేరు అన్న పాఠం మనకి ఏ ఈవెంటు పేజీ చేసినా మొదటి వారంలోనే తెలుస్తుంది.

మన ఊరి సంగతికొద్దాం. 2019లో వైఎస్సార్ కాంగ్రెసుకు ఐప్యాక్ పనిచేసింది. 175కి 151 సీట్లొచ్చాయి. అప్పుడు ప్రశాంత్ కిషోర్‌ని మాంత్రికుడన్నారు. 2024లో అదే పార్టీకి అదే సంస్థ పనిచేసింది, కిషోర్ అప్పటికే దాన్ని వదిలేశాడు. వచ్చినవి 11. కిషోరే వెనకుండి నడిపిన 2017 ఉత్తరప్రదేశ్ ఎన్నికల్లో కాంగ్రెసుకు 403లో 7 వచ్చాయి. 2025లో బీహారులో సొంత పార్టీని బరిలోకి దింపితే ఒక్కటీ రాలేదు. ఇందులో అతన్ని ఎగతాళి చేసేదేమీ లేదు. 151 వ్యూహకర్త ప్రతిభ అయితే 11 కూడా వ్యూహకర్త ఖాతాలోనే పడాలి కదా. అలా పడదు. గెలిస్తే స్ట్రాటజీ, ఓడితే ప్రభుత్వ వ్యతిరేకత. ఏ కంపెనీలోనైనా ఇలాంటి అప్రైజలు ఉంటే మనందరం ఎప్పుడో డైరెక్టర్లమయ్యేవాళ్ళం!

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం. అమెరికాలో ఆ పేజీలో ఈమెయిలు ఇచ్చినవాళ్ళు తమంతట తామే ఇచ్చారు. మన దగ్గర ఓటర్ల జాబితా ఎవరైనా చూడొచ్చు. పేరు, వయసు, ఇంటి నంబరు, తండ్రి లేదా భర్త పేరు ఉంటాయి. ఏ బూత్‌లో ఏ పార్టీకి ఎన్ని ఓట్లు పడ్డాయో ఫారం 20 చెబుతుంది. ఈ రెండింటితో ఎంత విశ్లేషణైనా చేసుకోవచ్చు. కానీ జాబితాలో ఫోను నంబరు ఉండదు. కులం ఉండదు. పింఛను వస్తోందో లేదో ఉండదు. మరి వార్ రూములో మీకిచ్చిన టేబుల్లో ఆ కాలమ్స్ ఉంటే, అవెక్కణ్ణుంచి వచ్చాయి? మిస్డ్ కాల్ ఇచ్చిన కార్యకర్తవా, సర్కారు పథకానికి దరఖాస్తు పెట్టుకున్న ముసలమ్మవా? 2018లో బయటపడ్డ కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవలో, ఫేస్‌బుక్ లెక్క ప్రకారమే, 8 కోట్ల 70 లక్షల మంది వివరాలు ఇలా చేతులు మారి ఉండొచ్చు. ఆ ఫైళ్ళను తెరిచి చూసింది కూడా మనలాంటి ఇంజనీర్లే. నాయకుడికి జాయిన్ క్వెరీ అంటే తెలీదు. ఆ గదిలో ఈ ప్రశ్న అడగగలిగేది మనమొక్కళ్ళమే. మనం అడక్కపోతే ఇంకెవరూ అడగరు.

కాబట్టి వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్ళండి. ఒత్తిడిలో సిస్టం నిలబెట్టడం, త్వరగా కొలిచి త్వరగా మార్చడం అక్కడ నేర్చుకున్నట్టు ఇంకెక్కడా నేర్చుకోలేం. సిరోకర్ 2010లో ఆప్టిమైజ్లీ కంపెనీ పెట్టింది ఆ అనుభవంతోనే. డీన్ ఓడినా ఆ నలుగురి చేతిలో పని మిగిలింది. మీ రెజ్యూమెలో అలా మిగిలే పనిని రాసుకోండి, సీట్ల సంఖ్యను కాదు. చేరేముందు డేటా ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగండి. జవాబు నసుగుతూ వస్తే, బగ్గులు దిద్దుకోవడమే నయం. ఏమంటారు?