యంత్రం దగ్గరే ఆగిపోతున్న యుద్ధ ప్రదర్శన

కోనసీమ బడుల విజ్ఞాన యాత్రలు విశాఖపట్నం చేరినప్పుడు రామకృష్ణా బీచ్‌లో నిలిపి ఉంచిన ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామిని చూడటం ఆ యాత్రల్లో ముఖ్య ఘట్టమవుతున్నది. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో భారత నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగి, 2001 ఫిబ్రవరి 27న సేవ నుంచి విరమించిన ఈ నౌక 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా మారింది. రోడ్డుకు అవతల టీయూ-142 విమానం 2017 డిసెంబరు నుంచి సందర్శకుల కోసం ఉన్నది. దగ్గర్లోనే 1971 నౌకాదళ విజయానికి గుర్తుగా 1996లో వెలసిన స్మారకం ఉన్నది. మామిడికుదురు నుంచి, రాజోలు నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలకు ఇంత దగ్గరగా యుద్ధ సామగ్రి కనబడే చోటు రాష్ట్రంలో మరొకటి లేదనే చెప్పాలి. అయితే, సామగ్రిని చూపడం వేరు, యుద్ధాన్ని అర్థం చేయించడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని బృంద సందర్శన మరింత పెంచుతున్నదన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

కురుసుర పొడవు 91 మీటర్లు. సుమారు 75 మంది నావికులు నెలల తరబడి బతికిన ఇరుకు గదుల గుండా సందర్శకులు ఒకరి వెనుక ఒకరు నడిచి వెళ్లాలి. నీటి అడుగున దూసుకెళ్లి శత్రునౌకను పేల్చే టార్పెడోలు, వాటిని వదిలే గొట్టాలు, ఒకదానిపై ఒకటిగా అమర్చిన పడకలు, మీటలతో నిండిన నియంత్రణ గది వరుసగా ఎదురవుతాయి. నౌకాదళంలో పనిచేసి విరమించినవారే మార్గదర్శకులుగా ఉండటం ఈ ప్రదర్శనకున్న గొప్ప బలం, ఎందుకంటే వారి మాటలో పుస్తకంలో దొరకని అనుభవం ఉంటుంది. కాని వెనుక మరో బడి వరుస కట్టి నిలిచినప్పుడు ఏ గదిలోనూ ఆగి ప్రశ్న అడగడానికి వీలుండదు. అందువల్ల పిల్లవాడి మనసులో నిలిచేది యంత్రం పరిమాణమే; అది ఎవరి మీదికి వెళ్లింది, ఎందుకు వెళ్లింది, సముద్రంలో ఎవరు చనిపోయారు అన్నవి నిలవవు.

ఈ లోటు అన్నిటికన్నా స్పష్టంగా కనబడేది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విషయంలో. అమెరికా నుంచి తీసుకున్న ఆ నౌక విమానవాహక నౌక విక్రాంత్ కోసం వెతుకుతూ వచ్చి, 1971 డిసెంబరు 3-4 రాత్రి విశాఖ తీరానికి సమీపంలో మునిగిపోయింది. అప్పటికే విక్రాంత్‌ను అండమాన్ వైపు తరలించారు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ చార్జ్‌ల వల్ల, అంటే నీటిలో నిర్ణీత లోతుకు దిగి పేలే బాంబుల వల్ల, ఘాజీ మునిగిందని భారత నౌకాదళం చెబుతుంది. అది అమర్చుతున్న మందుపాతరే పేలిందనో, లోపలే ప్రమాదం జరిగిందనో పాకిస్తాన్ వాదిస్తుంది. పదో తరగతి విద్యార్థికి చరిత్ర పద్ధతిని నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మన తీరంలో దొరకదు. రెండు కథనాలను పక్కపక్కన పెట్టి, శిథిలాల స్థితి ఏమి చెబుతున్నదో, సమయాలు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ కలవడం లేదో చూపితే విజయానికి వచ్చే లోటేమీ లేదు. పైగా ఘాజీతోపాటు 90 మందికి పైగా నావికులు మరణించారు. అదే నెల 9న డయ్యూ సమీపంలో మన ఖుక్రీ యుద్ధనౌక పాకిస్తాన్ జలాంతర్గామి దాడిలో మునిగి 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు మరణాలనూ ఒకే గోడ మీద చదివిన పిల్లవాడికి జలాంతర్గామి అంటే ఏమిటో, దానిలోపల నిలబడి ఉన్నప్పటికన్నా బాగా తెలుస్తుంది.

యుద్ధాన్ని ఆయుధాలవైపు నుంచి మాత్రమే చూపినప్పుడు ఊరు కనుమరుగవుతుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ భయంతో జనం పట్టణాలు విడిచి లోతట్టు ఊళ్లకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కొన్నేళ్లపాటు గుంటూరుకు మారింది. ఆనాటి జపాను బాంబు గుల్ల ఒకటి అదే బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉన్నది. కురుసురను చూసిన బస్సు ఆ గుల్ల దగ్గర కూడా ఆగడం, కాకినాడ పేరు అక్కడ తెలుగులో పెద్ద అక్షరాలతో కనబడటం కోనసీమ పిల్లలకు అవసరం, ఎందుకంటే యుద్ధం ఎక్కడో సరిహద్దుల్లో జరిగే వ్యవహారం కాదని, తమ తాతల కాలంలో అప్పటి తమ జిల్లా కేంద్రం మీదికే వచ్చిందని వారికి తెలిసేది అప్పుడే.

ఇంకా వెనక్కి వెళితే దారి పొడవునా ఇదే చరిత్ర. మామిడికుదురు మీదుగా సాగే 216వ నంబరు జాతీయ రహదారి ఒక వైపు మచిలీపట్నానికి, మరొక వైపు గొల్లప్రోలు మీదుగా కత్తిపూడికి పోతుంది. ఆ గొల్లప్రోలు మండలంలోని చందుర్తి దగ్గర 1758 డిసెంబరులో కర్నల్ ఫోర్డ్ నడిపిన ఆంగ్ల సేన, విజయనగరం ప్రభువు ఆనంద గజపతి బలగాలతో కలిసి, కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలోని ఫ్రెంచివారిని ఓడించింది. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఆంగ్లేయుల చేతిలో పడింది. ఉత్తర సర్కారులు, అనగా కృష్ణా గోదావరుల నుంచి గంజాం వరకు ఉన్న తీర జిల్లాలు, ఎవరి పాలనలోకి పోవాలో తేల్చిన యుద్ధమది. ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం కోనసీమలోని బెండమూర్లంకలోనూ ఉండేది. ఇంత జరిగిన నేల మీదుగా బస్సు నాలుగు గంటలు నడుస్తున్నా, పిల్లలకు యుద్ధ చరిత్ర విశాఖ గేటు దగ్గర టికెట్టు కొన్నాకే మొదలవుతున్నది.

బృందాల కోసం ప్రదర్శనను మలచడంలో హిరోషిమా అనుభవం పరిశీలించదగినది. 1955లో తెరిచిన అక్కడి శాంతి స్మారక ప్రదర్శనశాల అణుబాంబు సాంకేతికతకన్నా ఒక మూడేళ్ల పిల్లవాడి మూడు చక్రాల సైకిల్‌ను, కాలిన బట్టలను ముందుకు తెస్తుంది. బాధితులు వృద్ధులవుతుండటంతో వారి అనుభవాలను నేర్చుకుని బడి పిల్లలకు వినిపించే వారసులకు 2012 నుంచి ఆ నగరం శిక్షణ ఇస్తున్నది. ఆ దుఃఖం వేరు, మన తీర చరిత్ర వేరు. అయినా పద్ధతి మాత్రం తీసుకోదగినదే.

సైనికుల త్యాగాన్ని గౌరవించే చోట వివాదాలు, శత్రువుల మరణాలు ఎందుకన్న అభ్యంతరం వినబడవచ్చు. ఆ అభ్యంతరంలో నిజాయితీ ఉన్నది, కాని ఎదుటివాడు ఎంత ప్రమాదకరమైనవాడో, అతనూ ఎంత నష్టపోయాడో చెప్పకుండా మన నావికుడి ధైర్యాన్ని కొలవడం సాధ్యం కాదు. ఇందుకు పెద్ద నిర్మాణాలు అవసరం లేదు. యాత్రకు వారం ముందే ఉపాధ్యాయుడి చేతికి నాలుగు పేజీల తెలుగు పత్రం అందాలి. పెద్ద బృందాన్ని ఇరవై మంది చొప్పున విడదీసి, కొందరు జలాంతర్గామిలో ఉండగా మిగిలినవారు బయట పటం ముందు కూర్చుని మార్గదర్శకుడిని ప్రశ్నలు అడిగే ఏర్పాటు ఉండాలి. విశాఖ మ్యూజియం కూడా అదే టికెట్టులో చేరాలి. అన్నిటికన్నా తొందరగా జరగవలసింది మరొకటి ఉన్నది: 1971లో ఈ నౌకల్లో పనిచేసినవారు, ఆ డిసెంబరు రాత్రుల్లో దీపాలార్పిన విశాఖలో బతికిన జాలరి కుటుంబాల పెద్దలు ఇప్పుడు డెబ్బై దాటినవారు; వారి గొంతులను తెలుగులోనే రికార్డు చేసి ప్రదర్శనలో చేర్చే పనికి ఇంకో పదేళ్లు ఆగే వ్యవధి లేదు.