పదేళ్ళు ఉంటావా? అయితే కొను

ప్రతి ఆదివారం ఫోన్లో నాన్న అడిగే మొదటి ప్రశ్న "తిన్నారా?". రెండోది "ఇల్లు సంగతి ఏం చేశావురా?". మేం జర్మనీ వచ్చి ఐదేళ్ళయింది. ఐదేళ్ళ తర్వాత కూడా అద్దె ఇంట్లో ఉన్నామంటే ఆయన దృష్టిలో ఇంకా సెటిల్ కానట్టే. పోయిన నెల ఇంకో అడుగు ముందుకేశారు. "డబ్బు చాలకపోతే చెప్పు, తెనాలి దగ్గర అరెకరం అమ్మి పంపుతాను" అన్నారు. అప్పుడు మాత్రం నాకు భయం వేసింది. అప్పటిదాకా శనివారాలు ఇళ్ళు చూడ్డానికి వెళ్ళడం మాకో సరదా. ఆ రోజు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

మా ఊరి పేరు హెరెన్‌బెర్గ్. స్టుట్‌గార్ట్‌కి నైరుతిలో ఉంటుంది. జనాభా ముప్ఫై వేల పైచిలుకు. ఎస్-1 లోకల్ రైలుకి ఒక కొస ఇది, కాబట్టి పొద్దున్నే సీటు దొరుకుతుంది. బోబ్లింగెన్‌లోనో స్టుట్‌గార్ట్‌లోనో ఉద్యోగం చేసేవాళ్ళు చాలామంది ఇలాంటి ఊళ్ళలోనే ఉంటారు. ఊరి పైన, కొండ వాలులో ఒక పాత పెద్ద చర్చి ఉంది. దాన్ని ఇక్కడివాళ్ళు ముద్దుగా 'పొదిగే పెట్ట' అని పిలుస్తారు. కింద ఉన్న ఇళ్ళన్నీ పిల్లల్లా దాని రెక్కల కిందకి చేరినట్టే కనిపిస్తాయి. ఆదివారం కొట్లు ఉండవు, చప్పుడు ఉండదు. మొదట్లో పిచ్చెక్కేది, ఇప్పుడు అదే బావుంది.

సరే, లెక్కలకొద్దాం. మాకు నచ్చిన మూడు గదుల ఫ్లాట్ ధర 3,80,000 యూరోలు. దీని మీద ఈ రాష్ట్రంలో కొనుగోలు పన్ను 5 శాతం, అంటే 19,000. నోటరీకి, భూమి రిజిస్టర్లో పేరెక్కించడానికి కలిపి సుమారు 2 శాతం, అంటే 7,600. బ్రోకర్‌కి మా వాటా 3.57 శాతం, అంటే 13,566. మొత్తం 40 వేల యూరోలు దాటింది. యూరో వంద రూపాయల లెక్కన 40 లక్షలు! మామూలుగా ఈ ఖర్చులకి బ్యాంకు అప్పివ్వదు, మన జేబులోంచే పెట్టాలి. గోడలో ఒక్క ఇటుక కూడా మనది కాకముందే పోయే డబ్బు ఇది. మన దగ్గరా రిజిస్ట్రేషన్ ఖర్చు తక్కువేం కాదు కానీ, అక్కడ ధర రెండేళ్ళలో ఎగబాకి దాన్ని మింగేస్తుందని మనకో ధీమా. ఇక్కడ ఆ ధీమా పనికిరాదు. 2022 నుంచి రెండేళ్ళు ఈ దేశంలో ఇళ్ళ ధరలు ఎలా తగ్గాయో మేం కళ్ళారా చూశాం.

ఆ 40 వేలు కాక ఇంకో 60 వేలు ముందు కడతామనుకుందాం. మిగిలిన 3,20,000 అప్పు. మాకు చెప్పిన వడ్డీ 3.7 శాతం, అసలు కింద ఏడాదికి 2 శాతం. నెలకి 1,520 యూరోలు. మొదటి నెల అందులో వడ్డీకే 987 పోతుంది, అసలుకి జమయ్యేది 533. దీనికి తోడు అపార్ట్‌మెంట్ నిర్వహణకి నెలకి 380. మొత్తం 1,900. మేం ఇప్పుడు కడుతున్న అద్దె, మిగతా ఖర్చులతో కలిపి 1,430. అంతా సవ్యంగా పదేళ్ళు కట్టినా ఇంకా సుమారు 2,43,000 బాకీ ఉంటుంది. "అద్దె కట్టే బదులు అదే ఈఎంఐ కట్టుకోవచ్చుగా" అనేవాళ్ళు ఈ ఒక్క అంకె చూస్తే చాలు.

మన వాళ్ళకి అద్దె అంటే ఎందుకంత చిన్నచూపో నాకు తెలుసు. హైదరాబాద్‌లో పదకొండు నెలల అగ్రిమెంటు, ఆ తర్వాత ఓనర్ దయ. ఇక్కడ చట్టం వేరు. కారణం లేకుండా ఓనర్ ఖాళీ చేయమనలేడు. తనకో, తన పిల్లలకో ఆ ఇల్లు కావాలని చూపించాలి. అప్పుడైనా కనీసం మూడు నెలల గడువివ్వాలి. ఐదేళ్ళు దాటి ఉంటే ఆరు నెలలు, ఎనిమిదేళ్ళు దాటితే తొమ్మిది. మామూలు కాంట్రాక్టులో అద్దె మూడేళ్ళలో 20 శాతానికి మించి పెంచకూడదు, ఇళ్ళ కొరత ఉన్న చోట్ల 15 శాతమే. అందుకే ఈ దేశంలో సగానికి పైగా జనం అద్దె ఇళ్ళలోనే ఉంటున్నారు. మా టీంలో యాభై ఏళ్ళు దాటిన ఆర్కిటెక్ట్ ఒకాయన ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉంటాడు. ఆయన్ని ఎవరూ జాలిగా చూడరు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. "వెనక్కి వెళ్ళాల్సొస్తే అద్దెకిచ్చి పోదాం" అంటారు చాలామంది. అద్దెకున్నప్పుడు మనల్ని కాపాడిన చట్టమే అప్పుడు మన అద్దెదారుణ్ణి కాపాడుతుంది. తెనాలిలో కూర్చుని అతన్ని ఖాళీ చేయించడం అయ్యే పని కాదు. అద్దెకిచ్చిన ఇంటిని కొన్న పదేళ్ళలోపు అమ్మితే లాభం మీద పన్ను కూడా పడుతుంది.

నా స్నేహితుడొకడు 2021లో, వడ్డీ ఒక్క శాతం దగ్గరున్నప్పుడు, ధరలు బాగా మీదున్నప్పుడు కొన్నాడు. 2024లో వాళ్ళ నాన్నగారికి పక్షవాతం వచ్చింది, ఒక్కడే కొడుకు. అమ్మేసి వెళ్ళిపోయాడు. ఆ మధ్యలో వడ్డీలు పెరిగాయి కాబట్టి, గడువుకి ముందే అప్పు తీర్చినా బ్యాంకు జరిమానా పడలేదు. కానీ కొన్న ధర రాలేదు, కొన్నప్పటి ఖర్చులూ పోయాయి. ఇప్పుడు 3.7కి తీసుకున్నవాడికి కథ తిరగబడొచ్చు. రేపు వడ్డీలు తగ్గి, పదేళ్ళలోపే ఇల్లు అమ్మాల్సి వస్తే బ్యాంకు తనకి పోయిన వడ్డీని జరిమానాగా రాబడుతుంది. పదేళ్ళు దాటాక మాత్రం ఆరు నెలల ముందు చెప్పి, జరిమానా లేకుండా తీర్చేయొచ్చు.

చూశారా, ఎటు తిరిగినా పదేళ్ళ దగ్గరికే వస్తున్నాం. నా మటుకు నాకు అసలు ప్రశ్న ఇదే: ఈ ఊళ్ళో పదేళ్ళుంటామా? దానికి జవాబు ఎక్సెల్ షీట్లో దొరకదు. 2024, 2025లలో ఈ ప్రాంతంలోని కార్ల పరిశ్రమ వేల ఉద్యోగాల కోత ప్రకటించింది. మా పాపకి రెండేళ్ళు. ఈ రాష్ట్రంలో నాలుగో తరగతి అవగానే పిల్లల్ని వేరే వేరే రకాల బడులకి పంపిస్తారు. అప్పటికి దాని జర్మన్ గట్టిగా ఉండాలి. దాని చదువు ఇక్కడా, అక్కడా అన్నది తేల్చుకోకుండా ఇల్లు కొనడమంటే, ఆ నిర్ణయాన్ని బ్యాంకు చేతికివ్వడమే.

కొనేవాళ్ళని తప్పు పట్టడం లేదు. పదేళ్ళుంటామని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ తడుముకోకుండా చెప్పగలిగితే, ఒక జీతం పోయినా ఏడాది నెట్టుకురాగలిగితే, హాయిగా కొనండి. ఓనర్ కూతురికి ఇల్లు కావాల్సి వచ్చి బడి మధ్యలో పిల్లలతో ఇల్లు వెతుక్కునే బాధ తప్పుతుంది. ఇంకో షరతు కూడా పెడతాను. ఏటా జరిగే ఓనర్ల మీటింగులో పైకప్పు బాగుచేయడానికి తలా ఎంతెయ్యాలో మాట్లాడుకుంటుంటే అర్థమయ్యేంత జర్మన్ రావాలి. రిజిస్ట్రేషన్ రోజు నోటరీ కాగితాలన్నీ పైకి చదువుతాడు, కావాలంటే దుభాషీని పెట్టుకోవచ్చు. మీటింగుకి ప్రతిసారీ ఎవర్ని తీసుకెళ్తాం?

ఇల్లు కొంటేనే ఊరు మనదవుతుందని నేనూ అనుకునేవాణ్ణి. మా బిల్డింగులో మెట్లు తుడిచే వంతు వారానికొకరిది. వంతు వచ్చినవాళ్ళ తలుపుకి ఒక చిన్న బోర్డు తగిలిస్తారు. మొదటిసారి నేను తుడిచాక పై అంతస్తు పెద్దావిడ దిగొచ్చి, ఏమీ అనకుండా చీపురు తీసుకుని మూలలు ఎలా తుడవాలో చూపించింది. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆవిడ ఊరెళితే ఇంటి తాళాలు మాకే ఇచ్చి వెళ్తుంది. మా పాప ఆవిణ్ణి 'ఓమా' అంటుంది, అంటే అమ్మమ్మ. దీనికి భూమి రిజిస్టర్లో మా పేరు అక్కర్లేకపోయింది.

బ్రోకర్‌కి వద్దని చెప్పేశాం. మా ఆవిడ కొంచెం బాధపడింది, ఆ ఫ్లాట్ బాల్కనీలోంచి చర్చి కనబడేది. మూడేళ్ళ తర్వాత, పాప బడికి వెళ్ళే ముందు, మళ్ళీ ఇదే ప్రశ్న వేసుకుందామని ఒప్పందం. పోయిన ఆదివారం నాన్నకి చెప్పాను, "అరెకరం అమ్మొద్దు నాన్నా, ఎప్పుడైనా వెనక్కొస్తే కాలు పెట్టుకోడానికి చోటుండాలి కదా" అని. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరేలే, తిన్నారా?" అన్నారు.