అసలు ఒకటి, నకళ్ళు మూడు

పిల్లలూ! ఈ నెల ఒక ఫోటో సంగతి చెప్పుకుందాం. ఇది మీకూ జరగవచ్చు గనక శ్రద్ధగా వినండి.

గద్వాలలో మీ అమ్మమ్మ ఉన్నదనుకోండి. పండుగనాడు పెట్టెలోంచి పాత గద్వాల చీర తీసి కట్టుకున్నది. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. మీరు ఫోటో తీశారు. వనపర్తిలోని మామయ్య, "అమ్మ ముఖం మట్టుకు పెద్దది చేసి పంపరా, పటం కట్టించుకుంటాను" అన్నాడు. ముఖం ఉంచి తక్కినది కత్తిరించి, వేరే పేరుతో దాచి పంపారు. నాగర్‌కర్నూలులోని మీ బడి పత్రికవారు నలుపు తెలుపులో కావాలన్నారు. తొందరలో అసలు ఫోటోనే అలా మార్చి, "సేవ్" నొక్కేశారు.

ఏడాది తిరిగింది. అక్క పెళ్ళికి అదే అంచుతో చీర నేయించాలనుకున్నారు. అమ్మమ్మ చీర ఏదీ? పాత జరీ కొనేవాడికి ఎప్పుడో ఇచ్చేసింది! "ఫోటో ఉంటే చూపించండి" అన్నాడు నేతగాడు. మామయ్య దగ్గరున్న ఫోటోలో రంగులున్నాయి, అంచు లేదు. మీ దగ్గరున్నదానిలో అంచున్నది, రంగు లేదు! అమ్మమ్మ ఎరుపంటుంది, పెద్దమ్మ ఆకుపచ్చంటుంది. ఏం చేస్తారు?

కంప్యూటరు ఆ రంగు తిరిగి తేలేదా? తేలేదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

కంప్యూటరు ఫోటో చుక్కల ముగ్గులాంటిది. ఒక్కొక్క చుక్కకు మూడు అంకెలుంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. మామూలుగా ఒక్కొక్కటి 0 నుంచి 255 లోపల ఉంటుంది. 200, 50, 50 అంటే ఎర్రని చుక్క. 50, 200, 50 అంటే పచ్చని చుక్క. నలుపు తెలుపు చేయడానికి సగటు తీశామనుకోండి. రెండింటికీ 100 వస్తుంది! రెండూ ఒకే బూడిదరంగు అయిపోతాయి. నిజానికి చాలా ప్రోగ్రాములు ఆకుపచ్చకు ఎక్కువ విలువ కట్టి లెక్క వేస్తాయి. అయినా మూడు అంకెలు ఒకటైపోవడం తప్పదు. ఇప్పుడు ఆ ఒక్క అంకెను చూసి పాత మూడింటిని ఎవరు చెప్పగలరు? రంగులద్దే ప్రోగ్రాములు లేకపోలేదు. కాని అవి వేసేది ఊహ, సాక్ష్యం కాదు.

పాతకాలపు ఛాయాగ్రాహకులకు ఈ సంగతి బాగా తెలుసు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండిన లాలా దీనదయాళ్ గాజుపలకలపై నెగెటివులు తీసేవాడు. ఒక్క పలకనుంచి ఎన్ని ప్రతులైనా అచ్చువేయవచ్చు. పలక మట్టుకు పదిలంగా ఉండాలి.

మీ పలక అసలు ఫోటోయే. లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ వంటి ప్రోగ్రాములు దాన్ని ముట్టుకోవు. "ఇక్కడ కత్తిరించు, రంగు తీసివేయి" అని వంటచీటీలాగా రాసి పెట్టుకుంటాయి. ఒకే ఫోటోకు మూడు చీటీలు రాసుకుంటే మూడు రూపాలు వస్తాయి. చీటీలు ఎంత చోటు పడతాయి? నామమాత్రం!

అటువంటి ప్రోగ్రాము లేకపోయినా ఫరవాలేదు. ఈ మూడు పనులు చేయండి:

1. ముందు నకలు తీసి, నకలు మీదనే మార్పులు చేయండి.

2. పేరు చూడగానే సంగతి తెలియాలి: "అమ్మమ్మ-అసలు", "అమ్మమ్మ-ముఖం-మామయ్యకు", "అమ్మమ్మ-నలుపుతెలుపు-బడికి". "కొత్తది", "కొత్తకొత్తది", "ఇదే చివరిది" అని పెడితే నెల తిరిగేసరికి మీకే అర్థం కాదు.

3. అసలును ఇంకొకచోట కూడా దాచండి. కంప్యూటరు చెడిపోవడానికి ముహూర్తం అక్కరలేదు.

ఇక మీకొక లెక్క. సగటు 100 వచ్చే మూడేసి అంకెలు ఇంకా ఎన్ని ఉన్నాయో రాస్తూ పోండి. నోటుపుస్తకం చాలదు! అమ్మమ్మ చీర అంచు రంగు వాటిలో ఏదో ఒకటి. ఏదో చెప్పగలిగింది ఆ అసలు ఫోటో ఒక్కటే.