తుడిచినా పోని ఫైలు



పోయిన ఏడాది ఫిబ్రవరి నెల. ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తవ్వి ఉడకబెట్టే రోజులు. ఒక సాయంత్రం మన సహోదరుడొకడు కల్లం నుండి నేరుగా మా ఇంటికి వచ్చి, కూర్చోకుండానే, "అయ్యగారూ, మా ఇంట్ల కంప్యూటర్ల ఏదో సొచ్చింది. ఎంత తుడిసినా పోతలేదు. అంతా మావోడు చేసిందే" అన్నాడు.

ఆ కుమారుడు డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. రాత్రిళ్లు కంప్యూటరు ముందు కూర్చుంటాడు గనుక, చూడకూడనిదేదో చూసి రోగం తెచ్చాడని తండ్రి తీర్మానించేశాడు. మూడు రోజులుగా ఇద్దరికీ మాటలు లేవు. కంప్యూటరు తీగ పీకి, మీద తువ్వాలు కప్పి, ముట్టుకోవద్దని కుమారునికి ఆజ్ఞ. అయితే ఆయన అసలు బాధ వేరు. ముందటి సంవత్సరం చనిపోయిన తల్లి ఫోటోలు, పట్టాదారు పాసుపుస్తకం నకలు, కూతురి సర్టిఫికెట్లు అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. అవన్నీ పోయినట్లే కనబడుతున్నాయి.

నేను కంప్యూటరు చదువు చదివినవాడను కాను. టైపు చేయడానికి నేర్చుకున్నంత వరకే. అయినా వెళ్లాను.

పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్ల పేర్లు అవే ఉన్నాయి గాని, ప్రతి బొమ్మ మూలన చిన్న వంకర బాణం గుర్తు. సైజు చూస్తే ఒకటి రెండు కేబీలు. అంటే అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్లు. వాటి ప్రక్కన అర్థంకాని అక్షరాల పేరుతో, చివర విబిఎస్ అని ఉన్న ఒక ఫైలు. దానిని తుడిస్తే పోతుంది, కొన్ని క్షణాలలో మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

మన రైతులకు ఇది విప్పి చెప్పనక్కర లేదు. పసుపు చేలో తుంగను పైకి కోస్తే ఏమవుతుంది? వారం తిరిగేసరికి మళ్లీ మొలుస్తుంది, గడ్డ లోపల ఉన్నది గదా! ఇదీ అంతే. కంటికి కనబడే ఫైలు ఆకు మాత్రమే. అసలుది కంప్యూటరులో మరెక్కడో దాగి, తెర వెనుక పనిచేస్తూ, తుడిచినదాన్ని మళ్లీ రాస్తూ ఉంటుంది. కొన్ని ఫైళ్లు తుడవబోతే "ఇది మరొక ప్రోగ్రాములో తెరచి ఉన్నది" అని మొరాయిస్తాయి. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటే: దీనిని పట్టుకొని ఉన్నది ఎవరు?

అయితే అనుమానం కలిగిన ప్రతి ఫైలూ దోషి కాదు. 2002లో ప్రపంచమంతా ఒక ఈమెయిలు తిరిగింది. మీ కంప్యూటరులో ఎలుగుబంటి బొమ్మ గల ఫైలు ఉంటే అది భయంకరమైన వైరస్, వెంటనే తుడిచివేసి మీ స్నేహితులందరికీ చెప్పండి అని. చాలామంది తుడిచారు, స్నేహితులకూ చెప్పారు. తీరా చూస్తే అది విండోస్‌తో పాటు వచ్చిన మంచి ఫైలే! ఎవరో చెప్పారని తుడిచేవారు ఈనాడూ ఉన్నారు. అనుమానమైతే వైరస్‌టోటల్ అనే వెబ్‌సైటులో ఆ ఫైలును పెట్టి చూడవచ్చు. పదుల కొద్దీ యాంటీవైరస్‌లు దానిని పరీక్షిస్తాయి. కాని అక్కడ పెట్టిన ఫైలు ఇతరుల చేతికి కూడా పోగలదు. కాబట్టి ఆధార్, బ్యాంకు కాగితాలు అందులో పెట్టకండి.

"బాబూ, నీకు తెలుసా ఇది తీయడం?" అని ఆ కుర్రవాణ్ణి అడిగాను. "తెలుసు అయ్యగారూ. బాపు ముట్టనిస్తలేడు" అన్నాడు. తండ్రి వైపు చూశాను. ఆయన తలుపు దగ్గర నిలబడి ఊరకున్నాడు. సరే కూర్చోమన్నాను.

మొదట ఇంటర్నెట్ తీసివేశాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాడు. నడుస్తున్న వాటిలో విండోస్ స్క్రిప్ట్ హోస్ట్ అనేది కనబడింది. అది విండోస్‌వారిదే, దొంగ కాదు. దొంగ దాని భుజాల మీద ఎక్కి పనిచేస్తున్నాడు. దానిని ఆపాడు. తరువాత స్టార్టప్ అనే చోట, కంప్యూటరు వెలిగిన ప్రతిసారీ లేచేవాటిలో ఆ అర్థంకాని పేరే ఉంటే డిసేబుల్ చేశాడు. అది చూపిన దారిన వెళ్లి ఫైలును తుడిస్తే ఈసారి మారు మాటాడక పోయింది. అప్పటికీ పోకపోతే, షిఫ్ట్ మీట పట్టుకొని రీస్టార్ట్ నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తుడవాలట.

అంతటితో వదలలేదు. విండోస్ సెక్యూరిటీలోని స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉన్నది. కంప్యూటరు ఆగి, విండోస్ లేవకముందే వెదుకుతుంది గనుక దాగినవాటికి తప్పించుకొనే వీలు తక్కువ. పావుగంట పట్టింది. దీనికి రూపాయి ఖర్చు లేదు. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా ఇటువంటి సాధనాలను ఉచితంగా ఇస్తుంది. ఊరూ పేరూ లేని "వైరస్ రిమూవర్"లను దింపుకొంటే ఒక దొంగను పట్టడానికి మరో దొంగను పిలిచినట్లే.

కంప్యూటరు మళ్లీ లేచేలోగా పెన్‌డ్రైవ్ చివరగా ఎవరు వాడారని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక షార్ట్‌కట్ ప్రాపర్టీస్ తెరిచి, అది పుట్టిన తేదీ, గంట పైకి చదివాను. సోమవారం, పగలు పదకొండున్నర. కూతురు లోపలి నుండే, "బాపూ, నా హాల్‌టికెట్ ప్రింటుకు నువ్వు బజారుకు పోయింది ఆ దినమే గదా" అన్నది. ఆ దుకాణంలో రోజుకు ఎందరి పెన్‌డ్రైవ్‌లో పెడతారు. అక్కడి కంప్యూటరుకు పట్టిన రోగం అన్నిటికీ అంటుతుంది. దుకాణదారునికి కూడా తెలిసి ఉండదు. ప్రింటుకు ఆ ఒక్క కాగితం మాత్రమే ఉన్న పెన్‌డ్రైవ్ పట్టుకుపోవాలి, ఇంటి ఆస్తి అంతా ఉన్నది కాదు.

ఫోటోల సంగతి చెప్పలేదు గదూ. ఈ రకపు వైరస్ సాధారణంగా ఫైళ్లను చంపదు, దాస్తుంది. 2017 మే నెలలో వన్నాక్రై అనేది వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా చిక్కాయి. అది ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అటువంటిదానిలో వైరస్‌ను తీసినా తాళం ఊడదు; మరో చోట నకలు దాచుకున్నవారే గట్టెక్కారు. దానికి విరుగుడు మైక్రోసాఫ్ట్‌వారు రెండు నెలల ముందే, మార్చిలో, ఇచ్చారు. అప్‌డేట్ చేయనివారే ఎక్కువగా దొరికిపోయారు. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది, చూసుకోండి.

కుర్రవాడు ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లను, ఆ క్రింద ఉన్న రక్షిత సిస్టమ్ ఫైళ్లను కూడా చూపించమని గుర్తు పెట్టాడు. ఫోల్డర్లు మసక రంగులో ఒక్కొక్కటే పైకి వచ్చాయి. వాటిలోని ఫోటోలను, కాగితాలను మాత్రం కంప్యూటరులోకి తీసుకొని, పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేశాడు. తెర మీద ఆ తల్లి, కల్లంలో ఎండిన పసుపు కుప్ప ప్రక్కన కూర్చొని, చేయి అడ్డం పెట్టుకొని ఎండలోకి చూస్తున్నది.

సహోదరుడు దగ్గరకు వచ్చి చాలాసేపు నిలబడి చూశాడు. తరువాత లోపలికి తిరిగి, "బిడ్డా, చాయ్ పెట్టు. తమ్మునికి గూడ పొయ్యి" అన్నాడు.