నాలుక క్రింది మాత్ర

గుండెజబ్బుగల పెద్దవారున్న ఇండ్లలో తలగడ ప్రక్కనో, అలమారలోనో ఒక చిన్న మాత్రల సీసా యుండును. మెట్లెక్కునప్పుడు రొమ్ము బిగియబట్టినట్లు నొప్పి వచ్చినచో, ఒక మాత్రను నాలుక క్రింద నుంచుకొనిన కొలది నిమిషములలో నొప్పి సడలును. ఆ మాత్ర యెట్లు పనిచేయునో గృహిణి యెరిగియుండుట మిక్కిలి యవసరము. ఏలయన, దానితో కలియగూడని మందు వేరొకటి గలదు.

ఇట్టి మందులలో ప్రాచీనమైనది నైట్రోగ్లిసరిన్. ఇటలీ దేశపు టూరిన్ నగరమున సొబ్రేరో అను రసాయన శాస్త్రజ్ఞుడు దీనిని 1847లో లోకమునకు వెల్లడించెను. కొంచెము నాలుకకు తగిలినను తీవ్రమైన తలనొప్పి కలుగునని యతడే చెప్పెను. డైనమైటులోని ప్రేలుడు పదార్థమును నిదియే. 1879లో లండను వైద్యుడు విలియం మరెల్ దీనిని మిక్కిలి పలుచన చేసి గుండెనొప్పి రోగుల కిచ్చి, దాని గుణమును ప్రకటించెను. డైనమైటును కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్ 1896లో మరణించుటకు ముందు, అతని గుండెజబ్బునకు వైద్యులీ మందునే వ్రాసియిచ్చిరి! అయినను అది శరీరములో నేమి చేయునో చిరకాలము తెలియలేదు.

1977లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఫెరిడ్ మురాద్ ఈ మందునుండి నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువు వెలువడునని కనుగొనెను. రక్తనాళపు లోపలి పొర తానే నాళమును సడలించు కబురు నొకదానిని పంపునని 1980లో ఫర్చ్‌గాట్ చూపెను. ఆ కబురును ఈ వాయువేయని ఫర్చ్‌గాట్, ఇగ్నారోలు తరువాత తేల్చిరి. ఈ మువ్వురికి 1998లో నోబెల్ బహుమానమే లభించెను.

ఈ వాయువు నాళపు గోడలోని కండర కణమున జొచ్చి, అచ్చటి యొక ఎంజైమును మేల్కొల్పును. ఆ ఎంజైము జి.టి.పి. అను పదార్థమును చక్రీయ జి.ఎం.పి.గా మార్చును. వాయువు వాకిటికి కబురు తెచ్చినది, చక్రీయ జి.ఎం.పి. దానిని ఇంటిలోనివారికి వినిపించునది. దాని ప్రేరణచే, కండరమును బిగియించు కాల్షియము కణములో తగ్గును. కండరము సడలి నాళము వెడల్పగును. గుండెకు తిరిగివచ్చు రక్తపు భారము తగ్గి, దాని శ్రమయు తగ్గును. తలలోని నాళములును వెడల్పగుటచేతనే తలనొప్పి కలుగును.

పని ముగిసిన పిమ్మట కబురు చెరిగిపోవలెను. నిన్నటి ముగ్గును తుడిచినట్లు, ఫాస్ఫోడైఎస్టరేజ్ అను వేరొక ఎంజైము చక్రీయ జి.ఎం.పి.ని తుడిచివేయును. సిల్డెనఫిల్, తడలఫిల్ అను మందులు ఈ తుడుపును అడ్డగించును. వీనిని పురుషుల దాంపత్య బలహీనతకును, ఊపిరితిత్తుల నాళములలోని అధిక రక్తపుపోటునకును ఇత్తురు. ఈ రెండవ వ్యాధికి స్త్రీలును వాడుదురు. నాలుక క్రింది మాత్ర కబురును పెంచుచుండ, ఈ మందు దానిని చెరగనీయకున్నచో, రక్తపుపోటు ప్రాణాపాయకరముగా పడిపోవును. సిల్డెనఫిల్ పుచ్చుకొనిన 24 గంటలలోను, తడలఫిల్ పుచ్చుకొనిన 48 గంటలలోను నైట్రేటు మాత్ర వాడరాదు. పురుషులు సిగ్గుచే ఈ సంగతిని వైద్యునికి చెప్పకుండుట కలదు. భర్తతో మెల్లగా మాటలాడి, ఉన్నదున్నట్లు వైద్యునికి తెలుపునట్లు చేయుడు. ఇది సిగ్గుపడవలసిన చోటు గాదు.

మాత్ర వేసుకొనువారిని ముందు కూర్చుండబెట్టవలెను. నిలుచుండినచో కన్నులు చీకట్లు క్రమ్మి పడిపోవచ్చును. మాత్రను మ్రింగనీయరాదు. నైట్రోగ్లిసరిన్ మాత్రలను వచ్చిన సీసాలోనే మూత బిగించి, వెలుతురును వేడిమియు తగులని చోట నుంచవలెను. మాత్ర వేసిన అయిదు నిమిషములకును నొప్పి తగ్గనిచో తెల్లవారువరకు వేచియుండక, వెంటనే 108కి పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను. ఏ యే మందులు వాడుచున్నారో ఒక చీటిపై వ్రాసి ఆ సీసాతోనే యుంచుడు.