పాటలోని తొక్కు

ఈ యేడు వార్షికోత్సవమున "నాటు నాటు" పాట కాడెదమని ఎనిమిదవ తరగతి బాలురు కోరగా ఉపాధ్యాయుల గదిలో వాదము పుట్టినది. సినిమాపాట మిషను పాఠశాలకు తగదని కొందఱు. జాతర ప్రస్తావన గల పాటకు మన పిల్లలు గంతులిడుట యేమని తలిదండ్రులలో కొందఱు. మేము బాలుర పక్షము వహించితిమి గనుక మా హేతువులను వ్రాయుచున్నాము.

ఆ పాట వ్రాసిన చంద్రబోసు గారి స్వగ్రామము చల్లగరిగ. నేడు భూపాలపల్లి జిల్లాలో చేరినను, మన చిల్పూరువలెనే అదియు 2016 వఱకు వరంగల్లు జిల్లాలోనిదే. ఆర్.ఆర్.ఆర్. చిత్రకథలో దొరల విందున ఒక తెలుగు యువకుని నృత్యము తెలియనివాడని యొక యాంగ్లేయుడు పరిహసించును. అతడును మిత్రుడును పల్లెచిందుతో బదులు చెప్పవలెను. అందుకై వ్రాసిన పాటలో తొంబది పాళ్లు సగము దినములో పుట్టినవనియు, తక్కిన పది పాళ్లకు ఏడాది యేడు నెలలు పట్టెననియు కవిగారే చెప్పియున్నారు. వ్యాసమును మరల చదువకయే మా బల్లపై బడవైచు విద్యార్థు లీ లెక్కను గమనింతురు గాక!

కీరవాణి గారు బాణీ కట్టిరి. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడిరి. ప్రేమ్ రక్షిత్ గారు అడుగులు కూర్చిరి. 2021 ఆగస్టులో కీవు నగరమున ఉక్రెయిను అధ్యక్షభవనము ముంగిట చిత్రీకరించిరి. ఆఱు మాసములు గడచునంతలో ఆ నగరముపై యుద్ధము వచ్చి పడినది.

2023 మార్చి 12వ తేదీన దానికి ఆస్కారు బహుమానము లభించెను. భారతీయ చిత్రములోని పాటకు అది వచ్చుట అదియే మొదలు. కార్పెంటర్స్ అను అమెరికా గాయకుల పాటలు వినుచు పెరిగితినని కీరవాణి గారు వేదికపై చెప్పి, వారి బాణీలోనే తమ కృతజ్ఞతను పాడిరి. పరదేశపు పాట వినిన పిల్లవాడు స్వదేశపు పాట మఱచునను భయము మాకు నాటితో తీరినది.

అయినను మా మనస్సున గ్రుచ్చుకొన్నది వేఱొకటి. ఆ పాటలో మఱ్ఱినీడ కలదు, కఱ్ఱసాము కలదు, జొన్నరొట్టెయు మిరపతొక్కును కలవు. కొన్నేండ్ల క్రిందట ఒక బాలుని వ్యాసములో "తొక్కు" అను మాటను మేము ఎఱ్ఱసిరాతో కొట్టివైచి, "పచ్చడి" యని దిద్ది, అంచున "గ్రామ్యము" అని వ్రాసితిమి. శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన పద్ధతి యదియే. తల్లి రోట నూఱి సద్దిలో కట్టి పంపినదానిని తప్పంటిమి. వాడు మఱల ఇంటిమాట వ్రాయలేదు. లోకమెల్ల విన్న పాటలో ఆ మాటయే యున్నప్పుడు మా ఎఱ్ఱసిరాకు సిగ్గుపడితిమి.

ఇక జాతర మాట. అది అచట ఉపమానమునకు వచ్చినదే గాని ఆరాధనకు కాదు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) క్రీస్తు ప్రభువును కీర్తించుటకు ఈ దేశపు రాగతాళములనే గైకొనిరి. ఆ కీర్తనలను మన మాదివారములందు పాడుచునే యున్నాము. సినిమాపాట లన్నియు మంచివని మేమనము. పెక్కింటిని బడి గుమ్మము దాటనీయము.

చంద్రబోసు గారు 2024లో చల్లగరిగయందు సొంతధనముతో గ్రంథాలయము కట్టించిరి. ఎనిమిదవ తరగతి వారిని వేసవి సెలవులకు ముందు అచటికి తీసికొనిపోవ దలచితిమి. బస్సు వ్యయములో తలిదండ్రులు పాలుపంచుకొన ప్రార్థన. సద్ది మాత్రము ఎవరిది వారే కట్టుకొని రావలయును.