కొలువులో ఆఖరి మెట్టు

బొమ్మకి కులం ఉండదంటారు. ఉంటుంది. నేను చూశాను.

నాకప్పుడు ఏడేళ్లో ఎనిమిదేళ్లో. కొల్లేటి ఒడ్డున మా ఊళ్లో మా అమ్మ ఒక కామందు గొడ్లసావిడి ఊడ్చేది. సంక్రాంతినాడు పేడ ఎత్తిపోసి, పండగ కూడు గిన్నెలో పోయించుకు రావడానికి వెళ్తూ నన్నూ వెంటేసుకెళ్లింది. ఆ ఇంటి ఆడపిల్ల బొమ్మలకొలువు పెట్టింది. ఊళ్లో పిల్లలు పరికిణీలు కట్టుకుని పేరంటానికి వస్తున్నారు, పోతున్నారు. నన్నెవరూ పిలవలేదు. పెరటి పక్కనుంచి పోయి కిటికీ చువ్వలు పట్టుకుని చూశాను.

ఏడు మెట్లు. తెల్ల దుప్పటి పరిచారు. పైన దశావతారాలు. వాటి కింద రాజూ రాణీ, అంబారీ ఏనుగు. ఆ కింద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ, షావుకారు కొట్టు. ఆఖరి మెట్టు మీద తాడిచెట్టెక్కే కల్లుగీత మనిషి, కుండలు చేసే మనిషి, బట్టలుతికే మనిషి. ఆ చివర, గోడ మూలకి, మోకాళ్ల మధ్య చెప్పు బిగించుకుని ఆరెతో కుడుతున్న మనిషి.

అది మా అయ్యే. అదే కూర్చునే తీరు, అదే నడుం వంపు. "అమ్మా, అయ్య బొమ్మే!" అని అరిచాను. అమ్మ నా నోరు మూసి బయటికి లాక్కొచ్చింది. గూడెం దాకా మాట్లాడలేదు. తాటితోపు దాటాక అంది: "అయ్య బొమ్మని లోపల పెట్టుకుంటారే. అయ్యని పెట్టుకోరు."

ఆ తర్వాత నేను డిగ్రీ చదివాను, బి.ఇడి. చేశాను, సర్కారు బడిలో టీచర్నయ్యాను. కళ గురించి చదివిన వ్యాసాలన్నీ కలిపినా మా అమ్మ చెప్పిన ఆ రెండు ముక్కల్ని దాటలేదు.

ఇప్పుడు ప్రపంచమంతా బొమ్మల్నీ ఆటల్నీ పట్టుకుని పెద్ద విషయాలు చెప్పే కళాకారులున్నారు. వాళ్లని నేను ఎగతాళి చెయ్యను. పోలండువాడు జ్బిగ్నియెవ్ లిబెరా 1996లో పిల్లలాడుకునే లెగో ఇటుకలతో నాజీల నిర్బంధ శిబిరం కట్టాడు. ఏడు పెట్టెల సెట్టు, అంగట్లో కొనుక్కునే బొమ్మల పెట్టెల్లాగే. చూసినవాళ్లు ఉలిక్కిపడ్డారు. బొమ్మ పెట్టెలో మనిషిని చంపే కొలిమి ఎందుకుంటుందని అడిగారు. మా అడుగు వేరు. మా ఊరి బొమ్మల మెట్ల మీద మనిషిని మూలకి నెట్టే ఏర్పాటు ఉంటే ఎవరూ ఉలిక్కిపడలేదేం? పైగా హారతి పట్టారే!

అమెరికాలో బెటీ సార్ అనే నల్లజాతి స్త్రీ 1972లో చేసిన పని నాకు దగ్గరగా తగిలింది. తెల్లవాళ్ల వంటిళ్లలో కాయితాలూ పెన్సిలూ పెట్టుకోడానికి నల్ల పనిమనిషి బొమ్మ ఒకటి అమ్మేవాళ్లు. లావు ఒళ్లు, తలగుడ్డ, ఎప్పుడూ నవ్వు. నల్ల స్త్రీని ఆడిపోసుకునే బొమ్మ అది. సార్ ఆ బొమ్మనే తెచ్చింది. ఒక చేతిలో చీపురు అలాగే ఉంచి రెండో చేతికి తుపాకి ఇచ్చింది. ముందు బిగించిన నల్ల పిడికిలి పెట్టింది. 'ఆంట్ జెమీమా విముక్తి' అని పేరు పెట్టింది. ఆ పేరుతో అట్లపిండి అమ్ముకున్న కంపెనీ 2020లో, అంటే ఇంకో నలభై ఎనిమిదేళ్లకి గానీ, ఆ పేరూ బొమ్మా తీసేస్తానని ఒప్పుకోలేదు.

ఆ బొమ్మ మా ఆఖరి మెట్టు బొమ్మకి అక్క. నేను మా అయ్యకి తుపాకి అడగను. మా అయ్య చేతిలో ఆరె ముందునుంచీ ఉంది. అది తోలు కుట్టడానికే ఉందని వాళ్లనుకున్నారు. ఇప్పుడు అదే నా చేతిలో పెన్నయింది.

ఆ దేశంలోనే కెన్నెత్ క్లార్క్, మామీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు 1940ల్లో నల్లపిల్లల ముందు రెండు రకాల బొమ్మలు పెట్టారు. కొన్ని తెల్లవి, కొన్ని నల్లవి. ఏది మంచి బొమ్మ అని అడిగితే ఎక్కువమంది పిల్లలు తెల్లదాన్ని చూపించారు. తెల్లపిల్లలకో బడి, నల్లపిల్లలకో బడి చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులో వాళ్ల పరిశోధన ప్రస్తావన ఉంది. టీచరుగా నాకూ ఆ పరీక్ష పెట్టాలనిపించింది. పెట్టలేకపోయాను. నా పిల్లల ముందు పెట్టడానికి రెండో బొమ్మ ఏది? అంగట్లో దేవుడున్నాడు, రాజున్నాడు, పనివాడున్నాడు. పుస్తకం పట్టుకున్న మాదిగపిల్ల బొమ్మ ఏ కొట్లో దొరుకుతుంది?

ఇక మా శాఖ సంగతి. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత బొమ్మలతో బోధన అనే మాట మొదలైంది. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. దాని మీద పుస్తకమే వేసింది. ఆలోచన మంచిదే. తాడేపల్లిగూడెంలో మాకొక శిక్షణ పెట్టారు. బల్ల మీద కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు వరసగా పేర్చి, ఇదీ మన సంస్కృతి, పిల్లలకి చూపించండి అన్నారు. నేను లేచి, "ఈ వరసలో నా తరగతి పిల్లల బొమ్మ ఏదండి?" అనడిగాను. "బొమ్మల్లోకి కూడా కులం తెస్తారా టీచర్‌గారూ?" అన్నారు చెప్పే ఆయన. అందరూ నవ్వారు.

అయ్యా, మేం తేలేదు. మేం కిటికీలోంచి చూసేటప్పటికే అది మెట్టెక్కి కూర్చుని ఉంది.

బొమ్మ చెక్కేవాళ్ల మీద కాదు నా కోపం. తెల్లపొణికి కర్ర తెచ్చి, ఆరబెట్టి, చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో కాళ్లూ చేతులూ అతికి, రంగులేసి బతికే కొండపల్లి పనివాడు నాలాంటివాడే. ఆయన ఊళ్లో ఉన్న మనుషుల్ని చెక్కాడు. ఎవర్ని ఏ మెట్టు మీద పెట్టాలో కొనుక్కెళ్లినవాళ్లు చూసుకున్నారు. 2025 జనవరి 26న ఢిల్లీ పెరేడులో మన రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలే. టీవీలో చూసి నేనూ సంతోషించాను. బొమ్మకి రాజధానిలో ఊరేగింపు దొరికింది. ఆ బొమ్మ ఏ పిల్ల చేతికి అందిందన్న సంగతి మాత్రం శకటం మీద రాయరు.

శిక్షణ నుంచి వచ్చాక నా పిల్లల్ని మీ ఇంట్లో బొమ్మలు తీసుకురమ్మన్నాను. మాది కొల్లేటి లోపలి బడి. మాల, మాదిగ, వడ్డి, యానాది పిల్లలు. మర్నాడు అందరూ ఒట్టి చేతులతోనే వచ్చారు. "మా ఇళ్లల్లో బొమ్మల్లేవండి టీచర్‌గారండీ" అన్నారు. అరకొర చదువు నాదే. అడగాల్సింది బొమ్మ సంగతి కాదు, ఆట సంగతి. విరామంలో బడి వెనక్కి వెళ్లి చూస్తే తెలిసింది.

వాన వెలిసిన బురదలో చెరువు తవ్వుతున్నారు. గట్టు వేసేది ప్రొక్లైను. బంకమట్టి ముద్దకి కొబ్బరాకు పుల్ల చెయ్యి, దాని చివర సీసా మూత. మేత మోసే బండికి అరిగిపోయిన హవాయి చెప్పులోంచి కోసిన చక్రాలు. చేపల పెట్టె థర్మోకోలు విరిచి పడవ. ఒకడు లీజుదారు. వాడు చెట్టు నీడలో కూర్చుని సెల్లు మాట్లాడుతున్నట్టు చెవి మీద చెయ్యేస్తాడు, అంతే. ఒకడు మేత చల్లుతాడు. ఒకడు రాత్రి కాపలా. కొంగ వాలితే టపాకాయ చప్పుడు చేసి తోలాలి. ఇద్దరాడపిల్లలు పక్కన చతికిలబడి చింతపిక్కలు ఏరుతున్నారు. ఏంటమ్మా అంటే, "రొయ్యల తలలు తీస్తన్నామండి, కేజీకింతని ఇస్తారండి" అన్నారు. ఆటలో కూడా ఆ పిల్లలకి కూలిపనే.

ఆట చివర ఒకడు మిషనై వచ్చి గట్టు తెగ్గొడతాడు. అందరూ ఏడవాలి. అదీ ఆట.

నాకు ఒళ్లు జలదరించింది. కొల్లేటిని అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, 1999లో పక్షుల అభయారణ్యమన్నారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' అని చేపల చెరువుల గట్లు కొట్టారు. పెద్దోళ్ల చెరువులూ పోయాయి, పేదల సొసైటీ చెరువులూ పోయాయి. తర్వాత ఏళ్లలో చెరువులు మళ్లీ లేచాయి. ఈ పిల్లలెవరూ 2006కి పుట్టలేదు. అయినా ఆట తెలుసు. అమ్మలూ తాతలూ రాత్రిపూట చెప్పుకునేది విన్నారు. "గట్టు తెగితే ఎవరోడినట్టురా?" అనడిగాను. అయిదో తరగతి పిల్లాడన్నాడు: "లీజోడికి ఇంకో చెరువుంటదండి. కాపలావోడికి ఉండదండి."

కొల్లేటి మీద ఎన్ని కమిటీలు కూర్చున్నా ఈ మాట ఇంత పొట్టిగా ఎవరూ తేల్చలేదు.

ఫ్రాన్సిస్ అలీస్ అనే బెల్జియం కళాకారుడు 1999 నుంచి దేశదేశాల పిల్లల ఆటల్ని వీడియో తీస్తున్నాడు. మొదటిదాంట్లో మెక్సికో నగరంలో ఒక పిల్లాడు ఖాళీ ప్లాస్టిక్ సీసాని ఎత్తురోడ్డు మీదికి తన్నుకుంటూ పోతాడు. ఫుట్‌బాల్ ఆడకూడదని ఐసిస్‌వాళ్లు ఆంక్ష పెట్టిన మోసుల్‌లో, 2017లో, కుర్రాళ్లు బంతి లేకుండానే ఫుట్‌బాల్ ఆడతారు. లేని బంతిని తంతారు, లేని గోలు కొట్టి ఎగురుతారు. ఆ వరసలో కొన్నిటిని 2022లో వెనిస్ ప్రదర్శనలో పెట్టారు. గొప్ప పని. అయితే మా పిల్లల ఆట చూడ్డానికి వెనిస్ దాకా పోయే మనిషి అక్కర్లేదు. ఏలూరు నుంచి బస్సెక్కి వచ్చే మనిషుంటే చాలు.

మేమే ఏలూరు వెళ్లాం. బోధనోపకరణాల మేళాకి చెరువాటని అట్టముక్క మీద మట్టితో చేసి తీసుకెళ్లాం. లీజుదారు, కాపలావాడు, ప్రొక్లైను, రొయ్యల తలలు తీసే ఇద్దరాడపిల్లలు. చూడ్డానికొచ్చిన పెద్దలు మొహం చిట్లించారు. "ఇదే పాఠానికి సంబంధించింది? కొల్లేరంటే పక్షులు కదమ్మా, పెలికాన్ పెట్టాల్సింది" అన్నారు. పక్కబల్ల మీద థర్మోకోలు పెలికాన్లు బోలెడున్నాయి. మావాడు అక్కడే మట్టి పిసికి పెలికాన్ని చేసి గట్టు మీద కూర్చోబెట్టాడు. కాపలావాణ్ణి దాని వైపు తిప్పాడు. ఆ సాయంత్రం మాకు బహుమతి రాలేదు. ఆ పిల్లాడికి మాత్రం తెలివి ఎవరి దగ్గరుందో తెలిసింది.

ఇంకో మాట. చెత్త నుంచి బొమ్మలు అంటారు మా శిక్షణల్లో. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబులతో సైన్సు నేర్పిన అరవింద్ గుప్తా అంటే నాకు గౌరవం, ఆయన దగ్గర ఎంతో నేర్చుకున్నాను. కానీ ఆ చెత్త అనే మాట దగ్గర ఆగుతాను. ఊరు పారేసింది ఊరికి చెత్త. అది ఎత్తే గూడేనికి సామాను. అయ్య బొమ్మ చూసొచ్చిన ఆ సంక్రాంతి రాత్రి మా అయ్య ఏమీ అనలేదు. తెగిన హవాయి చెప్పు తీసి, రంపెతో నాలుగు చక్రాలు కోసి, జనుపకట్టె ఇరుసు గుచ్చి నాకు బండి చేసిచ్చాడు. నా మొదటి బొమ్మ అది. దాన్ని చెత్త అంటే నేనొప్పుకోను. మా గూడేనికీ ఒక కొలువుంది. క్రిస్మస్‌కి చర్చి ముందు తాటాకుతో పశువులపాక కట్టి, మట్టితో గొల్లల్నీ గొర్రెల్నీ చేసేవాళ్లం. ఆ కొలువులో దేవుడు గొడ్లసావిట్లోనే ఉన్నాడు. అక్కడ నన్నెవరూ కిటికీ దగ్గర నిలబెట్టలేదు.

ఉద్యమంలో ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చెప్తున్నాను. కారంచేడు 1985, చుండూరు 1991. ఆ నెత్తుటి తర్వాత మనవాళ్లు పాట రాశారు, కవిత రాశారు, కథ రాశారు, ఆత్మకథ రాశారు. పిల్లల చేతిలో ఏ బొమ్మ ఉందో మాత్రం చూసుకోలేదు. చదువు రాకముందే పిల్లకి అందే మొదటి పుస్తకం బొమ్మ. అంచెలంచెల అసమానత అని అంబేడ్కర్ పేరుపెట్టిన దాన్ని, మా కామందు కూతురు ఏడేళ్లకే దుప్పటి పరిచి మెట్లు కట్టి నేర్చేసుకుంది. నేనూ ఆ రోజే నేర్చుకున్నాను, కిటికీ ఇవతల నిలబడి.

అంబేడ్కర్ బొమ్మ తెచ్చి పై మెట్టు మీద పెట్టి, మిగతా మెట్లు అలాగే ఉంచితే కొలువు మారినట్టు కాదు. మెట్లే తియ్యాలి.

వచ్చే సంక్రాంతికి మా బడి వెనక చింతచెట్టు కింద పిల్లలూ నేనూ కొలువు పెడుతున్నాం. నేల మీద చాప పరిచి పెడతాం, మెట్లుండవు. మా అయ్య బొమ్మ ఉంటుంది, ఆరెతో పాటు. రొయ్యల తలలు తీసే పిల్ల పక్కనే పుస్తకం పట్టుకున్న పిల్ల ఉంటుంది. పేరంటానికి అందర్నీ పిలుస్తున్నాను. ఒట్టి చేతులతో రాకండి. మీ గూడెం నుంచి ఒక బొమ్మ పట్టుకురండి, అది ఎవరు చేశారో పేరు రాసి.